బడిలో రౌడీ, దింపులో బుద్ధిమంతుడు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. బడి నుంచి రోజూ ఏదో ఒక ఫిర్యాదే. పాఠం చదవమంటే బెంచీ కిందకి దూరాడంటారు. పక్కోడి తెలుగు పుస్తకం చింపాడంటారు. మంచినీళ్లకని వెళ్లి కాలవ గట్టు మీద తేలాడంటారు. వాళ్ల నాన్నగారిది కొబ్బరి వ్యాపారం. కోపం వస్తే నాలుగు తగిలిస్తారు. మా అత్తగారేమో దిష్టి అంటారు. ఇంటి దగ్గర వీడంత మంచోడు లేడండి. దింపు తీసిన రోజు, అంటే చెట్ల మీంచి కొబ్బరికాయలు దింపించిన రోజు, నాన్న పక్కనే కూర్చుని కాయలు లెక్కపెడతాడు, వెయ్యికి ఇంతయితే ఎంతొస్తుందో నోటితోనే చెప్పేస్తాడు. వచ్చే ఏడాది హాస్టలున్న ఇంగ్లీషు మీడియం బడిలో వేస్తే దారికొస్తాడని అందరూ అంటున్నారు. వేయమంటారా?
– ఒక తల్లి, కోనసీమ

జవాబు: వద్దమ్మా. ఇప్పుడైతే అసలు వద్దు.

మీరు రాసిన ఫిర్యాదులు మళ్లీ ఒకసారి చూసుకోండి. చదవమంటే బెంచీ కిందకి దూరాడు. చింపింది తెలుగు పుస్తకం. ఆటల పీరియడ్‌లో కొట్టుకున్నాడని గానీ, నోటి లెక్కలప్పుడు పారిపోయాడని గానీ మీరెక్కడా రాయలేదు. నాకు అనుమానం వచ్చింది ఇక్కడే. వాడికి చదవడం రావడం లేదేమో. తెలివి లేక కాదు, అక్షరానికీ దాని ధ్వనికీ లంకె సరిగ్గా కుదరక. డిస్‌లెక్సియా అంటారు. 1896లో ఇంగ్లండులో ఒక డాక్టరు ఇలాంటి కుర్రాడి గురించే వైద్య పత్రికలో రాశారు. పద్నాలుగేళ్లొచ్చినా చదవలేడు, కానీ పాఠాలన్నీ నోటితో చెబితే బడిలో వీడే మొదటివాడని వాళ్ల మాస్టారు చెప్పారట.

తొమ్మిదేళ్ల పిల్లాడి వైపు నుంచి చూడండి. లేచి చదవమన్నారు. చదివితే క్లాసంతా నవ్వుతుంది. పక్కోణ్ణి ఒకటి మొత్తితే టీచరు బయట నిలబెడతారు, అంతే. మొద్దు అనిపించుకోవడం కన్నా అల్లరోడు అనిపించుకోవడమే వాడికి నయం. పైగా బయట నిలబడితే చదవక్కర్లేదు. మనం శిక్ష అనుకున్నది వాడికి సెలవు. రేపు మళ్లీ అదే చేస్తాడు. చదివే సమయం ఇలా తగ్గిన కొద్దీ వెనకబడతాడు, వెనకబడిన కొద్దీ అల్లరి పెరుగుతుంది.

ఇది నా అనుమానమే సుమా, తేల్చి చెప్పడం కాదు. మీరొక పని చేయండి. రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో, గొడవ ఏ పీరియడ్‌లో జరిగింది, దానికి ముందు వాణ్ణి ఏం చేయమన్నారు అన్నది రాయండి. టీచరు గారిని బతిమాలైనా ఈ వివరం తెచ్చుకోండి. ఇంటి దగ్గర వాడి పాఠం మీరే చదివి వినిపించి ప్రశ్నలడగండి. తర్వాత అదే పాఠం వాణ్ణి చదవమనండి. విన్నప్పుడు టకటకా చెప్పి, చదివేటప్పుడు మొదటి అక్షరమూ బొమ్మా చూసి ఊహించేస్తున్నాడా? ప, ష, వ తారుమారవుతున్నాయా? మ, య? బోర్డు మీదది చూసి ముత్యాల్లా రాసి, డిక్టేషన్ చెబితే వత్తులు, గుణింతాలు ఎగరగొట్టేస్తున్నాడా? అవునంటే నా అనుమానానికి బలం వచ్చినట్టే.

ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. దీన్ని చాలామంది దాటేస్తారు. ఆ తర్వాత మీ మండలంలో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం వాళ్ల భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సాయం చేసే చోటు, ఎక్కడుందో బడిలో అడిగి, అలాంటి పిల్లల చదువు చూసే అక్కడి సహిత విద్య టీచరుని కలవండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పేరు విని కంగారు పడకండి, చదువు ఇబ్బందుల పిల్లల్నీ అక్కడికి తీసుకెళ్లవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్‌లెక్సియా లాంటి చదువు ఇబ్బందీ ఉంది. ధ్రువపత్రం ఉంటే ముందు ముందు పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు.

డాక్టరు ఇంకొకటి కూడా చూస్తారు. డిస్‌లెక్సియా ఉన్న పిల్లల్లో నలుగురిలో ఒకరికైనా ఏకాగ్రత లోపం, అంటే ఏడీహెచ్‌డీ కూడా ఉంటుందని అంచనా. దింపు దగ్గర గంటలు గంటలు కూర్చుంటాడు కదా అని మీరనవచ్చు. ఇష్టమైన పని దగ్గర ఆ పిల్లలూ కూర్చుంటారు. అందుకే ఆ తేల్చే పని వాళ్లకి వదిలేయండి.

దెబ్బల విషయం. బడిలో కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లో ఆపాల్సింది వాళ్ల నాన్నగారే. ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి. అయ్యా, మీ పక్కన కూర్చుని వెయ్యి కాయల లెక్క తప్పకుండా చెప్పేవాడు మీ మాట విననివాడెలా అవుతాడు? మీ కొబ్బరి మాటలే వాడికి వాచకం చేయండి. గెల, పీచు, దింపు ముందు. అవి వచ్చాక చిప్ప, మట్ట, డొక్క. అదే అక్షరానికి అదే వత్తు కాబట్టి పట్టుకోవడం తేలిక. ‘రాష్ట్రం’, ‘భక్తి’ లాంటివి చాలా తర్వాత. పెద్ద అక్షరాలతో చీటీల మీద రాసి, రోజుకి పావుగంట, అంతకు మించొద్దు. ధ్వనులతో ఆటలూ ఆడించండి. ‘పడవ’లో ‘ప’ తీసి ‘గొ’ పెడితే ఏమవుతుంది? గొడవ! ఇలాంటివి పిల్లలకి భలే ఇష్టం. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం చదివించి చూపించకండి.

ఇక హాస్టలు. తెలుగులో అక్షరం ఎలా ఉంటే దాదాపు అలాగే పలుకుతాం. ఇంగ్లీషులో ఆ వరస ఉండదు, ఇలాంటి పిల్లలకి అది ఇంకా కష్టం. పైగా అక్కడ వాడికి దింపు ఉండదు, తన నోటి లెక్కకి మురిసిపోయే తండ్రీ ఉండడు. అలాంటి చోట వాడు దారికెలా వస్తాడో నాకైతే అర్థం కాలేదు.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. అల్లరే తెలీదు, ‘చాలా మంచి పిల్ల’ అంటారు టీచర్లు. కానీ చదవదు. పొద్దున్నే కడుపు నొప్పి అంటుంది, ఆదివారం మాత్రం రాదు. భయపడాలా?
– పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: భయం వద్దు, ఆలస్యమూ వద్దు. అల్లరి చేసే పిల్లాణ్ణి కనీసం తిట్టడానికైనా చూస్తారు. ఇలా వెనక బెంచీలో నోరెత్తకుండా కూర్చునే పిల్లలే ఏళ్ల తరబడి ఎవరి కంటా పడరు, ముఖ్యంగా ఆడపిల్లలు. కడుపు నొప్పిని ముందు డాక్టరుకి చూపించండి. అక్కడ ఏమీ లేదంటే, పైన చెప్పిన విని చెప్పే పరీక్షా, చదివే పరీక్షా మీరూ చేయండి. గట్టి నిర్ధారణ మామూలుగా ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, కానీ సాయం మొదలుపెట్టడానికి అప్పటిదాకా ఆగక్కర్లేదు. క్లాసులో లేపి చదివించకుండా, పక్కన కూర్చోబెట్టుకుని చదివించమని టీచరుని అడగండి. శనివారం మధ్యాహ్నం వెళ్లండి. సోమవారం పొద్దున్న ఏ టీచరుకీ వినే ఓపిక ఉండదు.