ఆట మరిచిపోవడం వేరు, గడియారం మరిచిపోవడం వేరు

పాప పుట్టాక మూడేళ్ళు చదరంగం మానేసిన మీ చెల్లెలు మళ్ళీ పోటీల్లో నిలదొక్కుకోగలదా అని అడిగారు. తప్పకుండా నిలదొక్కుకోగలదు. కోనేరు హంపి ఆటను చిన్నప్పటి నుంచి అనుసరిస్తున్నదానిగా, అలాంటి విరామాన్ని స్వయంగా దాటినదానిగా ఈ మాట చెబుతున్నాను.

ఏడేళ్ళ తర్వాత నేను ఆడిన మొదటి పోటీలో, నాలుగో రౌండులో ఏనుగుల ముగింపు వచ్చింది, అంటే బల్ల మీద రాజులు, ఏనుగులు, బంటు మాత్రమే మిగిలాయి. నా బంటు ఏడో వరుసలో ఉంది, దాని ముందు నా రాజు ఉన్నాడు. ఏనుగును నాలుగో వరుసకు తెచ్చి ప్రత్యర్థి చెక్‌లకు అడ్డుగా నిలిపితే గెలుపేనని నాకు పన్నెండో ఏటి నుంచీ తెలుసు. అయినా నా ఎత్తులకు కేటాయించిన సమయంలో గడియారం మీద రెండు నిమిషాలే మిగిలాయని చూడగానే చేయి వణికి రాజునే ముందు బయటికి తీశాను. ప్రత్యర్థి వరుసగా చెక్‌లు ఇస్తూ పోయింది, ఆట డ్రా అయింది. ఆ రోజు రౌండు గంటన్నర ఆలస్యంగా మొదలైంది, పసిపిల్లతో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి నిర్వాహకులు ఒక గది కూడా ఇవ్వలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

విరామం మన దగ్గర నుంచి తీసుకుపోయేది ఆటను కాదు, గడియారం ముందు ఉండే నిబ్బరాన్ని. అది ఇంట్లో పుస్తకాలు తిరగేస్తే రాదు, పోటీలు ఆడితేనే వస్తుంది. 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయిన హంపి, 2017లో తల్లి అయ్యాక, 2018లో జార్జియాలోని బతూమిలో జరిగిన చదరంగం ఒలింపియాడ్‌తో (దేశాల జట్ల పోటీ) తిరిగి బరిలోకి దిగారు. మరుసటి ఏడాది డిసెంబరులో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగించే ఆట) టైటిల్ గెలిచారు. గడియారమే అసలు శత్రువైన ఆటలో గెలిచారన్నది గమనించండి. 2024లో న్యూయార్క్‌లో తొలి రౌండు ఓడిపోయి కూడా 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో అదే టైటిల్‌ను రెండోసారి అందుకున్నప్పుడు ఆమె వయసు 37. 2025లో అదే బతూమిలో ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్ళి, స్కోరు సమమయ్యాక ఆడే టైబ్రేక్‌లో మన దేశానికే చెందిన దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడారు.

ఇన్ని సాధించాక కూడా పత్రికలు "తల్లి అయ్యాక కూడా" అన్న మాటను వదలవు. తండ్రులైన గ్రాండ్‌మాస్టర్ల గురించి అలా రాయడం నేనెక్కడా చూడలేదు.

మీ చెల్లెలిని ఓపెనింగులు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు) బట్టీ పట్టనివ్వకండి. వచ్చే నెలలోనే ఏదో ఒక పోటీకి పేరు ఇవ్వమనండి. మొదటి రెండు మూడు పోటీల్లో రేటింగు (ఆటగాళ్ళ బలాన్ని చూపే అంకె) పడిపోవచ్చు, దాన్ని పట్టించుకోవద్దని చెప్పండి. ప్రతి ఎత్తు పక్కనా మిగిలిన సమయాన్ని స్కోరు షీటులో రాసుకుంటే, తడబాటు ఎక్కడ మొదలవుతోందో తనకే కనిపిస్తుంది.