ఒక్క ఫాంట్ కోసం అడ్మిన్ పాస్‌వర్డా?

ప్రశ్న: ఎరువుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తుంటాను. నా ల్యాప్‌టాప్‌లో తెలుగు బిల్లు చక్కగా వస్తోంది, దుకాణాల్లో మాత్రం అక్షరాల రూపు మారిపోతోంది. ఇన్‌స్టాలర్‌తోనే నా ఫాంట్‌ను విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసేయొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ ఫోల్డర్‌లో వేయాలంటే అడ్మిన్ అనుమతి, అంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారం కావాలి. ఈ ప్రశ్న నెలకు రెండు మూడుసార్లు వస్తోంది, అడిగేవాళ్లంతా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లే. ఫాంట్‌ను మీ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే ఉంచండి. ప్రోగ్రామ్ తెరుచుకోగానే యాడ్‌ఫాంట్‌రిసోర్స్‌ఈఎక్స్ అనే విండోస్ ఫంక్షన్‌ను ప్రైవేట్ ఫ్లాగ్‌తో పిలిస్తే ఆ ఫాంట్ మీ ప్రోగ్రామ్‌కే కనిపిస్తుంది, మూసేయగానే పోతుంది. క్యూటీ అనే ప్రోగ్రామింగ్ టూల్‌కిట్ వాడేవాళ్లకు ఇదే పనికి యాడ్‌అప్లికేషన్‌ఫాంట్ అనే ఫంక్షన్ ఉంది. అడ్మిన్ అనుమతితో పనే లేదు.

నా భయమంతా ఆ అనుమతి గురించే. ఫాంట్ అంటే ఉత్త అక్షరాల బొమ్మలు కాదు. ట్రూటైప్ ఫాంట్‌లో అక్షరాన్ని సరిదిద్దే చిన్న చిన్న ఆదేశాలు కూడా ఉంటాయి, కంప్యూటర్ వాటిని నడిపిస్తుంది. 2011లో బయటపడ్డ డుకు మాల్వేర్ ఒక వర్డ్ ఫైలులో దాచిన ఫాంట్‌తోనే విండోస్ కెర్నెల్ దాకా, అంటే సిస్టమ్ అంతటినీ నడిపే లోపలి భాగం దాకా చొరబడింది. విండోస్ 10 వచ్చాక ఫాంట్‌ను చదివే పనిని కెర్నెల్ బయటికి మార్చారు కానీ, దుకాణాల్లో ఇంకా విండోస్ 7 నడుస్తూనే ఉంది కదా! ఫాంట్లను చదివి అక్షరాలు గీయడానికి చాలా ప్రోగ్రాములు వాడే ఫ్రీటైప్ లైబ్రరీలోనూ 2025లో ఇలాంటి లోపమే దొరికింది. మీ ప్రోగ్రామ్‌తో పాత ఫ్రీటైప్‌ను కలిపి ఇచ్చి ఉంటే, విండోస్ ఎన్ని అప్‌డేట్లు తెచ్చినా అది మారదు. మీరే మార్చాలి.

మా వీధిలో ఒక డీటీపీ సెంటర్ ఉంది. మానిటర్ అంచున స్టిక్కర్ మీద అడ్మిన్ పాస్‌వర్డ్. డెస్క్‌టాప్ మీద ‘తెలుగు ఫాంట్స్ ఆల్’ అని ఒక జిప్ ఫైలు. ఎవరిచ్చారని అడిగితే, వాట్సాప్‌లో వచ్చిందన్నాడు ఆ సెంటర్ అతను. ఏ ఇన్‌స్టాలర్ ఏది అడిగినా ‘ఎస్’ నొక్కడం మనవాళ్లకు నేర్పింది మనలాంటి సాఫ్ట్‌వేర్‌వాళ్లమే.

లైసెన్సు సంగతి: గౌతమి, నిర్మలా యూఐ విండోస్‌తో వచ్చేవి, కాపీ చేసి పంచకూడదు. ప్రోగ్రామ్‌తో కలిపి పంచుకోనిచ్చే ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్న నోటో సాన్స్ తెలుగు లాంటిది తీసుకుని, లైసెన్స్ ఫైలు కూడా పక్కనే పెట్టండి.

మీ ల్యాప్‌టాప్‌లో బాగుందంటే ఆ ఫాంట్ అక్కడ ముందే ఇన్‌స్టాల్ అయి ఉంటుంది. దాన్ని తీసేసి, లక్ష్మి, రాష్ట్రం, జ్యోత్స్న అని టైపు చేసి ఒక బిల్లు తీయండి. ఒత్తులు విడిపోతే, సరిచేసేదాకా దుకాణానికి పంపకండి.