సైట్ వాడి పేరు మీద, రాతలు నావి. ఉండాలా, బయటికొచ్చేయాలా?

ప్రశ్న: మేం ముగ్గురం కాకినాడలో ఇంజినీరింగ్ కలిసి చదివాం. హాస్టల్లో పట్టుకున్న గేమింగ్ పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. తెలుగులో వీడియో గేమ్స్ గురించి వివరంగా రాసేవాళ్లు తక్కువని పోయిన ఏడాది కలిసి ఒక సైట్ మొదలుపెట్టాం. వారానికి మూడు రివ్యూలు అనుకున్నాం. ఒకడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ నడిచే సర్వర్ అద్దె) కలిపి 6,200 రూపాయలు వాడే కట్టాడు, అన్నీ వాడి పేరు మీదే ఉన్నాయి. ఇంకొకడు డాలస్‌లో ఎం.ఎస్. చేస్తున్నాడు. నేను రాజమండ్రిలో ఇంట్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. ఎనిమిది నెలల్లో వచ్చిన 22 రివ్యూల్లో 15 నావే. డాలస్ వాడు రోజుకో ఐడియా చెబుతాడు, రాసినవి రెండు. పోయిన నెల నేను పదికి 6 ఇచ్చిన గేమ్‌కి హైదరాబాద్ వాడు నాతో అనకుండా 8 చేసేశాడు. కొనకుండానే గేమ్ ఆడుకునే కోడ్ కంపెనీ ఫ్రీగా ఇచ్చిందట. అడిగితే ‘డబ్బులు పెట్టింది నేను కదరా’ అన్నాడు. ఇప్పుడు ఒక బెట్టింగ్ యాప్ యాడ్‌కి 15 వేలు వస్తాయి, పెడదాం అంటున్నాడు. సైట్‌లో ప్రకటనలకు గూగుల్ డబ్బిచ్చే యాడ్‌సెన్స్‌లో 37 డాలర్లు కనిపిస్తున్నాయి, వాటి పంపకం దగ్గరా మాటా మాటా వచ్చింది. ఇంట్లో అమ్మ ‘పరీక్ష పెట్టుకుని ఆ ఆటలేంట్రా’ అని రోజూ ఒకటే పోరు. వదిలేద్దామంటే రాసిందంతా పోతుంది, ఉందామంటే మనసు ఒప్పట్లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరుడు, రాజమహేంద్రవరం

సలహా: మీ ఉత్తరంలో మూడు గొడవలు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది పని ఎక్కువ తక్కువలు. నిజానికి మూడింట్లో తేలిగ్గా తెగేది అదే. అన్నిటికంటే ముందు తేల్చాల్సింది బెట్టింగ్ యాప్ సంగతి, దాన్ని ఈ వారం దాటనివ్వకండి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలు సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశం మొత్తానికీ వర్తించేది. ఆ చట్టంలో యాప్ నడిపేవాడితో పాటు దాని ప్రకటన వేసినవాడికీ శిక్ష ఉంది: రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. అదే ఏడాది మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని హైదరాబాద్‌లో పోలీసులు సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టడం మీరూ చూసే ఉంటారు. సైట్ హైదరాబాద్ మిత్రుడి పేరు మీద ఉంది కదా, నాకేంటి అనుకోవద్దు. కలిసి ఖర్చుపెట్టి, లాభం పంచుకుందామని నడిపే పనిని చట్టం భాగస్వామ్యంగా చూసే అవకాశం ఉంది. సంస్థ పని కింద ఒక భాగస్వామి చేసినదానికి మిగతావాళ్లూ బాధ్యులే. పైగా మీరు ప్రభుత్వ ఉద్యోగానికి చదువుతున్నారు. పోలీసు వెరిఫికేషన్ అనే మెట్టు ఒకటి ముందుంది.

ఫోన్లో వాదించకండి, రాతలో పెట్టండి. ‘మామా, ఆ బెట్టింగ్ యాడ్ వద్దు. యాడ్ పెట్టినవాళ్లకీ శిక్ష ఉందని 2025 చట్టంలో ఉంది. పెడితే ఆ రోజే నా పేరు, నా రివ్యూలు తీసేయాల్సి వస్తుంది. మిగతావన్నీ ఆదివారం కూర్చుని మాట్లాడుకుందాం.’ ఇంతే పంపండి. పాత లెక్కలేవీ ఇందులో కలపకండి. రివ్యూ మార్కుల గొడవ ఎత్తారంటే వాడు దానికి జవాబిస్తాడు, యాడ్ సంగతి పక్కకు పోతుంది.

ఇక పని సంగతి. ఒక్క రివ్యూకి ఎంత టైం పడుతుందో కాగితం మీద వేసి చూడండి. మధ్యరకం గేమ్ అయినా అభిప్రాయం చెప్పే స్థాయికి ఆడటానికి 12 నుంచి 15 గంటలు. తెలుగులో వెయ్యి పదాలు రాసి దిద్దుకోవడానికి మూడు గంటలు, స్క్రీన్‌షాట్లు ఏరి సైజు తగ్గించడానికి ఒక గంట, పైన బొమ్మ చేసి పోస్ట్ చేయడానికి ఇంకో గంట. అన్నీ కలిపి దాదాపు 18 గంటలు. వారానికి మూడంటే 54. ఉద్యోగం చేసేవాడు, ఎం.ఎస్. చదివేవాడు, గ్రూప్-2 రాసేవాడు వారానికి ఆరేసి గంటలకు మించి ఇవ్వలేరు. ముగ్గురివీ కలిపితే 18, అంటే వారానికి ఒక్క రివ్యూ. మనిషి వంతుకు మూడు వారాలకొకటి. మీరు ముగ్గురూ మొదటి రోజే చేయలేని మాట ఇచ్చుకున్నారు. ఇంట్లో ఉన్నారు కాబట్టి ఆ లోటంతా మీరు పూడ్చారు. మిగతా ఇద్దరూ ఎగ్గొట్టారని మీకు అనిపిస్తోంది. వాళ్లకేమో వీడికి ఖాళీ ఉంది, రాస్తున్నాడు అనిపిస్తూ ఉండొచ్చు. ఎనిమిది నెలలు చెప్పకుండా మోసి ఒక్కసారి పేలితే అవతలివాడికి అది కొత్త గొడవలాగే ఉంటుంది.

కాబట్టి లక్ష్యం తగ్గించండి. నెలకు మూడు రివ్యూలు, వారానికి ఒక చిన్న ముక్క. చిన్న ముక్కలంటే బీజీఎంఐ అనే ఫోన్ గేమ్ కొత్త అప్‌డేట్‌లో ఏం మారింది, 15 వేల లోపు ఫోన్లో గ్రాఫిక్స్ సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి వంటివి. ఒక్కోటి రెండు గంటల పని. మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్లోనే కాబట్టి చదివేవాళ్లూ వీటికే ఎక్కువ వస్తారు. పెద్ద గేములు విడుదల రోజే రాయాలన్న ఆరాటం మానేయండి. మూడు, నాలుగు వేలు పెట్టి కొనడం ఒక నొప్పి, నిద్ర మానుకుని ఆడటం ఇంకో నొప్పి. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో పెద్ద సేల్స్ వచ్చేదాకా ఆగితే పాత గేములు సగం ధరకే దొరుకుతాయి, ఎపిక్ స్టోర్‌లో ఉచితంగా ఇచ్చేవీ ఉంటాయి. స్టీమ్‌లో కొన్నది మీ కంప్యూటర్లో సరిగ్గా నడవకపోతే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు అయితే డబ్బు వెనక్కి అడగొచ్చు. కాబట్టి మొదటి గంటలోనే సెట్టింగులన్నీ మార్చి చూసుకోండి.

మార్కులు మార్చిన విషయం మాత్రం చిన్నది కాదు. ఆడింది మీరు, కింద పేరు మీది, అంకె వాడిది. ముందు జరిగిందేమిటో కళ్లతో చూడండి. మీ సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేదైతే ఆ పోస్ట్‌ని ఎడిట్‌లో తెరిచి, పక్కన ‘రివిజన్స్’ మీద నొక్కండి. పోస్టులో ఏ వాక్యం, ఏ అంకె, ఎవరి లాగిన్ నుంచి, ఏ రోజు ఎన్ని గంటలకు మారిందో వరుసగా కనిపిస్తుంది. అంకె ఒక్కటే మార్చాడా, తిట్టిన పేరా కూడా తీసేశాడా అన్నది తేలుతుంది. రెండూ ఒకే స్థాయి తప్పులు కావు.

వాడి భయమూ అర్థం చేసుకోండి. తక్కువ మార్కులిస్తే మళ్లీ కోడ్ ఇవ్వరేమో అన్నది కొత్తవాళ్లందరి భయమే. చిన్న స్టూడియోలకు కావాల్సింది అసలు ఎవరో ఒకరు ఆడి రాయడం. 6 ఎందుకిచ్చారో కారణాలతో రాస్తే, బాగా నడుపుకునే స్టూడియో చదివి సరిచేసుకుంటుంది. కోడ్ ఇచ్చి మార్కులు కూడా అడిగే కంపెనీతో మీకు పనే లేదు. ఇంకో మాట: ప్రచారం చేసేవాళ్ల కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బే కాదు, ఉచితంగా వస్తువు తీసుకున్నా చదివేవాళ్లకు తెలిసేలా చెప్పాలి. రివ్యూ మొదటి లైన్‌లోనే ‘ఈ గేమ్ కోడ్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది’ అని పెట్టండి. అది పెట్టాక 8 వేయడానికి వాడి చేయే ముందుకు రాదు.

ఇక ‘డబ్బులు పెట్టింది నేను కదరా’ అన్న మాట. దానికి మాటతో జవాబు చెప్పకండి. 6,200లో మీ మూడో వంతు 2,067 రూపాయలు. ఆదివారం కూర్చునే లోపే, ‘డొమైన్, హోస్టింగ్‌లో నా వాటా’ అని రాసి యూపీఐలో పంపేయండి. ఇన్నాళ్లూ ఇవ్వకపోవడం మీ వైపు లోటే, వాడు అడగలేదు కాబట్టి గుర్తురాలేదు. డాలస్ మిత్రుణ్నీ అదే పంపమనండి. అప్పుడు ఆ మాటకు బలం ఉండదు.

37 డాలర్ల మీద పోట్లాడుకోవడం చూస్తే కొంచెం నవ్వూ వస్తుంది. యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు నిండితేగాని బ్యాంకులో పడవు. ఎనిమిది నెలలకు 37 అంటే, ఇదే వేగంతో ఇంకా ఏడాది పైనే పడుతుంది. అయినా ఇప్పుడే తెలుసుకోవాల్సింది ఒకటుంది. సంస్థ పేరున తెరవకపోతే యాడ్‌సెన్స్ ఖాతా ఒక్క మనిషి పేరు మీదే ఉంటుంది, ఇంకొకరి పేరుకు మార్చడం కుదరదు. వచ్చిన డబ్బంతా ఆ మనిషి పాన్ మీద ఆదాయంగానే కనిపిస్తుంది, పన్ను లెక్క వాడే చెప్పుకోవాలి. అందుకే పంపకం ఇలా పెట్టుకుంటే గొడవ రాదు: ముందు ఆ ఏడాది ఖర్చులు, తర్వాత పన్ను ఏమైనా పడితే అది, మిగిలినదాన్ని ఎవరెన్ని రివ్యూలు రాశారో దాన్ని బట్టి. రాసుకోకపోతే ఏమవుతుందంటే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేనప్పుడు లాభనష్టాలు సమాన వాటాలే. 15 రాసినవాడికీ 2 రాసినవాడికీ ఒకటే. పని చేసినందుకు విడిగా జీతమూ రాదు. న్యాయం మీ వైపు ఉందని మీరనుకుంటున్నారు, కాగితం లేనప్పుడు చట్టం అలా అనుకోదు.

డాలస్ మిత్రుడి విషయంలో ఒక జాగ్రత్త. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా సంపాదించే పని చేస్తే, అది సొంత పనైనా సరే, వీసాకే ఎసరు. రాయొచ్చా, వాటా తీసుకోవచ్చా అన్నది యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని అడిగి తెలుసుకోమనండి. అప్పటిదాకా డబ్బు వచ్చే ఏ పనిలోనూ అతన్ని ఉంచకండి, వాటా కూడా పెట్టకండి. అతను రాయకపోవడానికి ఈ భయమే కారణమేమో కూడా, అడగండి. చెప్పుకోలేక ఐడియాలతో సరిపెడుతుండొచ్చు.

ముగ్గురూ మాట్లాడుకోవడానికి ఆదివారం రాత్రి 8 గంటలు పెట్టుకోండి. డాలస్‌లో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. వాట్సాప్ గ్రూప్‌లో వద్దు, వీడియో కాల్‌లో గంటన్నర చాలు. మాట్లాడుతూనే ఒకరు గూగుల్ డాక్‌లో రాస్తూ పోవాలి, ముగ్గురికీ కనిపించాలి. నెలకు ఎవరెన్ని, రాయలేకపోతే ఎన్ని రోజుల ముందు చెప్పాలి (వారం చాలు), రాసినవాణ్ని అడగకుండా మార్కులు, అభిప్రాయం ముట్టకూడదు, అచ్చుతప్పులు కనిపిస్తే రాసినవాడికే చెప్పాలి, యాడ్ ఏదైనా ముగ్గురూ ఒప్పుకోవాలి, ఎవరైనా వెళ్లిపోతే ఏమవుతుంది. ఒక పేజీ దాటనక్కర్లేదు. చివర్లో ముగ్గురూ ‘ఒప్పుకున్నాం’ అని ఈమెయిల్ పెట్టుకోండి. స్నేహితుల మధ్య కాగితాలేంట్రా అని ఎవరో ఒకరు అంటారు. నిరుడే రాసుకుని ఉంటే 8 గురించి ఇంత దూరం వచ్చేది కాదని మెల్లగా చెప్పండి, పోట్లాట పెంచకుండా.

లాగిన్లు కూడా ఆ రోజే సర్దుకోండి. ముగ్గురూ ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే ఎవరు ఏం మార్చారో రివిజన్స్‌లో తెలియదు. వర్డ్‌ప్రెస్‌లో ‘ఆథర్’ అన్న హోదా ఉన్నవాడు తన పోస్టులే మార్చగలడు, ‘ఎడిటర్’ అందరివీ మార్చగలడు. ముగ్గురికీ ఆథర్ లాగిన్లు ఇచ్చి, రోజువారీ పని వాటితోనే చేయండి. అడ్మిన్ లాగిన్ విడిగా, ఇద్దరి దగ్గర ఉండాలి. డొమైన్ వాడి పేరు మీదే ఉండనివ్వండి, దానికోసం పట్టుబట్టొద్దు. రెన్యువల్ తేదీ మాత్రం ముగ్గురి క్యాలెండర్లో ఉండాలి. మొదటి ఏడాది తగ్గింపు ధర చూసి కొన్న హోస్టింగ్ రెండో ఏడాదికి రెట్టింపు అడగడం మామూలే. ఆ బిల్లు ఒక్కడికే తగిలితే మళ్లీ పాత మాటే మొదలవుతుంది.

అమ్మగారి విషయంలో, ‘ఇది కెరీర్’ అని వాదించకండి. 37 డాలర్లతో ఆ వాదన నిలబడదు, ఆవిడకూ అది తెలుసు. వారానికి ఆరు గంటలు, శుక్రవారం రాత్రి రెండు, ఆదివారం నాలుగు అని చెప్పి, నెల రోజులు అలాగే ఉండి చూపించండి. గ్రూప్-2 తేదీ రాగానే పరీక్షకు మూడు నెలల ముందు నుంచి మీ వంతు పూర్తిగా ఆపేస్తానని ఆ పేజీలోనే రాయించుకోండి. గేమింగ్ మీద ఆసక్తి తగ్గదు కాబట్టి పరీక్ష అయ్యాక మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ 2022, 2023, 2024లలో హైదరాబాద్‌లోనే జరిగింది. అలాంటిది దగ్గర్లో పెడితే వెళ్లండి, చిన్న స్టూడియోలవాళ్లు నేరుగా కలుస్తారు, కోడ్ కోసం ఎవరినీ మొహమాటపడి పొగడక్కర్లేదు.

మాట్లాడాక కూడా వాడు యాడ్ పెట్టడానికే పట్టుబట్టినా, మార్కులు మార్చడం ఆగకపోయినా, బయటికి రండి. కానీ ముందు రాతలు భద్రం చేసుకోండి. మీరు జీతానికి రాసింది కాదు, ఎవరికీ రాసిచ్చిందీ లేదు, కాబట్టి ఆ పదిహేను రివ్యూల కాపీరైట్ మీదే. వర్డ్‌ప్రెస్‌లో ‘టూల్స్’ కింద ‘ఎక్స్‌పోర్ట్’లో మీ పేరు ఎంచుకుంటే మీ పోస్టులన్నీ ఒక ఫైల్‌గా వస్తాయి. అది అడ్మిన్ లాగిన్‌లోనే కనిపిస్తుంది, కాబట్టి గొడవ ముదరకముందే ఆ ఫైల్ తీసుకోండి. బొమ్మలు అందులో రావు, విడిగా దించుకోవాలి. మీ లాగిన్ తీసేసేటప్పుడు వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌ని ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ మనిషి రాసినవన్నీ తొలగించాలా, ఇంకొకరి పేరుకు మార్చాలా అని. దానికి ఏ జవాబు నొక్కాలో మీరే ముందుగా మెయిల్‌లో రాసి చెప్పండి. చెప్పకపోతే మీ పదిహేను రివ్యూలూ వాడి పేరుతో అక్కడే ఉండిపోవచ్చు.