చెక్క ఎరతో పెద్ద బాస్ చేపకు వెళుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఈసారి కొన్న ఎరలన్నీ పక్కన పెట్టి, నీ చేత్తో చెక్కిన వాటితోనే ఫిబ్రవరి చివర్లో టెక్సస్‌లోని లేక్ ఫోర్క్‌కు వెళ్ళి పెద్ద బాస్ చేపను పట్టాలని పట్టుదలగా ఉన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. పగలంతా ఉద్యోగం చేసి వచ్చి రాత్రిపూట గరాజులో కూర్చుని చెక్క చెక్కే ఓపిక నీకుందని విని నాకు గర్వంగా అనిపించింది. ఆ చెక్కకు వేలాడే మూడు ముళ్ళ కొక్కేలు గుర్తుకు వచ్చేసరికి గుబులు కూడా పుట్టింది. నువ్వు అడగకపోయినా ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

ముందుగా, చెక్క ఎరకు పెద్ద చేప పడుతుందా అన్న అనుమానం నీకు ఎవరైనా కలిగిస్తే దాన్ని పట్టించుకోకు. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ సరస్సులో జార్జ్ పెర్రీ అనే యువ రైతు పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ క్రీక్ చబ్ కంపెనీ వారి చెక్క ఎరకే పడింది. ఆ బరువుకు సమానమైన చేప మళ్ళీ దొరకడానికి 2009 వరకు ఆగవలసి వచ్చింది, అదీ జపాన్‌లోని బీవా సరస్సులో, బతికున్న చేపను ఎరగా వేస్తే. నువ్వు ఎంచుకున్న సరస్సు కూడా సామాన్యమైనది కాదు. టెక్సస్ రాష్ట్రపు రికార్డుగా ఇప్పటికీ నిలిచిన 18.18 పౌండ్ల బాస్ 1992 జనవరిలో అక్కడే దొరికింది. కాలం కూడా సరిగ్గానే చూసుకున్నావు. నీటి వేడి 55 డిగ్రీల ఫారన్‌హీట్ దాటే సమయానికి గుడ్లతో నిండిన ఆడ చేపలు లోతు నుంచి ఒడ్డువైపు కదలడం మొదలుపెడతాయి, బాస్ చేపల్లో బాగా పెద్దవన్నీ ఆడవే. అంటే నీ ఎరను నోట కరిచేది ఆ ఏడాది సంతానాన్ని కడుపులో మోస్తున్న తల్లి చేప కావచ్చు. నేను కింద రాసే వాటిలో సగం ఈ సంగతిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నవే.

చెక్క విషయానికి వస్తే, బాల్సా చాలా తేలిక, నీటిలో దాని ఊగులాట మరే చెక్కకూ రాదు, కానీ గోటితో నొక్కినా సొట్ట పడుతుంది. బాస్‌వుడ్ సాఫీగా చెక్కుడు పడుతుంది. సీడర్ గట్టిది, నీటిని కొంత తట్టుకుంటుంది, తగినంత తేలుతుంది కూడా. మొదటి ఎరకు సీడర్ తీసుకో. గరుకు కాగితం పట్టేటప్పుడు మాత్రం ముక్కుకు మంచి మాస్కు కట్టుకో. ఎర్ర సీడర్ పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఏళ్ళ తరబడి పీల్చిన వడ్రంగులకు ఉబ్బసం తెచ్చిపెట్టిన పొట్టు అది. కిటికీ తెరిచి ఉంది కదా అని ఊరుకోవద్దు.

చెక్క పీచు ఎర పొడవునా సాగేలా ముక్క కోసుకో. ముక్క ఇంకా నాలుగు పలకలుగా ఉన్నప్పుడే నడిమి గీత గీసి, ఎరను నీటిలోకి దించి ఊగించేలా మూతి దగ్గర అమర్చే ప్లాస్టిక్ లిప్ పలక కోసం గాడి తీసి, బెజ్జాలు వేసుకో. గుండ్రంగా చెక్కిన తరువాత వాటిని తిన్నగా వేయడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. లిప్ పలకకు పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ వాడు. దాన్ని నిలువుకు దగ్గరగా దించితే ఎర లోతు తక్కువలో వెడల్పుగా ఊగుతుంది, ముందుకు చాచి పెడితే లోతుకు దిగుతుంది. చన్నీటి కాలానికి పక్కలు చదునుగా ఉండి, బిగువుగా సన్నగా వణికే ఎర మేలు.

ఇక అసలు విషయం. కొక్కేలను చెక్కకు ఎలా బిగిస్తావు? మీ నాన్న నీకు ఈ సంగతి చెప్పి ఉండడు, అందుకే నేను రాస్తున్నాను. ఈ దేశం వచ్చిన కొత్తలో వాడికీ నీలాగే చెక్క పిచ్చి పట్టింది. ఒక చలికాలమంతా కూర్చుని సీడర్‌తో షాడ్ చేప ఆకారంలో ఒక ఎర చెక్కాడు. దోమతెర గుడ్డను పైన బిగించి రంగు చల్లి పొలుసులు వచ్చేలా చేశాడు, కంటికి పసుపు వలయం దిద్దాడు, మొప్పల దగ్గర గోటి అంచుతో ఎర్ర గీత లాగాడు. చూసినవాళ్ళు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసేవారు. ఆ పైన కొక్కేలు తగిలించడానికి, తలమీద రింగున్న పొట్టి స్క్రూలు తెచ్చి చెక్కలోకి తిప్పి వదిలేశాడు. బెజ్జంలో జిగురు లేదు, బెజ్జం లోపలి గోడకు పూత లేదు. చేత్తో లాగి చూస్తే కదలలేదు కాబట్టి అది చాలనుకున్నాడు.

ఆ వసంతంలో నీట మునిగిన మోడుల మధ్య ఆ ఎరకు ఒక చేప పడింది. నేను పడవలో చేతివల పట్టుకుని ఉన్నాను. చేప పడవ పక్కకు వచ్చి, నోరు తెరిచి ఒక్కసారి తల విదిలించింది. తోక వైపు స్క్రూ చెక్కలోంచి చప్పుడు లేకుండా జారిపోయింది. ఎర తేలిగ్గా గాలిలోకి లేచింది, చేప ఆ కొక్కెంతో సహా కిందికి వెళ్ళిపోయింది. మీ నాన్న ఎరను తిప్పి చూశాడు. తోక దగ్గర బెజ్జం నల్లగా తడిసి ఉంది, అంచున మెత్తబడిన చెక్క పీచు వేలితో తాకితే ఊడి వచ్చింది. ఎంత పెద్ద చేపో అని వాడు ఒక్క మాట కూడా అనలేదు. "అన్నయ్యా, కొక్కెం దాని నోట్లోనే ఉండిపోయింది" అని మాత్రం రెండుసార్లు అన్నాడు. మిగిలిన పగలంతా వాడు రాడ్ ముట్టుకోలేదు. ఆ తరువాత చాలా ఏళ్ళు చెక్క జోలికి పోలేదు కూడా. చేతి నేర్పు అంత ఉన్నవాడు మానేశాడే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అక్కడ ఏం జరిగిందో నువ్వు బాగా అర్థం చేసుకోవాలి. స్క్రూ పట్టంతా దాని మర చుట్ల మధ్య చిక్కుకున్న చెక్క పీచు మీదే ఆధారపడి ఉంటుంది. పూత లేని బెజ్జంలోకి నీరు చేరితే ఆ పీచు ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, ఇలా తడిసి ఆరుతూ ఉంటే పట్టు దానంతట అదే సడలుతుంది. పైగా చేప తిన్నగా లాగదు. తల విదిలించినప్పుడు కొక్కెం మీటలాగా పనిచేసి స్క్రూను పక్కకు వంచి మెలిపెడుతుంది. గరాజులో చేత్తో లాగి చూసిన బలం ఆ మెలికకు సరిపోదు.

అందువల్ల నువ్వు ముక్కు నుంచి తోక దాకా ఒకే తీగ పెట్టాలి. దాదాపు 1.3 మిల్లీమీటర్ల మందమున్న స్టెయిన్‌లెస్ తీగ తీసుకో. ఎర ఆకారం వచ్చిన తరువాత పొట్ట వైపున సన్నని రంపంతో ముక్కు నుంచి తోక వరకు, సగం లోతు దాకా చీలిక తియ్యి. ముక్కు దగ్గర దారం కట్టడానికి ఒక ఉంగరం, పొట్ట దగ్గర కొక్కెం తగిలే చోట ఒకటి, తోక చివర ఒకటి వచ్చేలా తీగను మలుచు, ప్రతి ఉంగరం దగ్గరా తీగను దానికే గట్టిగా మూడు చుట్లు చుట్టు. తీగను చీలికలో దించి, ఎపాక్సీలో (రెండు పాళ్ళు కలిపితే గట్టిపడే జిగురు) సన్నని రంపపు పొట్టు కలిపి పూడ్చెయ్యి. అప్పుడు చెక్క రెండుగా పగిలినా దారానికీ కొక్కేనికీ మధ్య ఇనుము తెగదు. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడ్డాక ముక్కు ఉంగరాన్ని ఒక మేకుకు తగిలించి, తోక ఉంగరానికి 20 పౌండ్ల బరువు వేలాడదీసి ఒక రాత్రి వదిలెయ్యి. తెల్లారి ఉంగరాలు సాగకుండా, ఎపాక్సీ చిట్లకుండా ఉంటేనే రంగు దాకా వెళ్ళు. పొడవైన స్క్రూను ఎపాక్సీలో ముంచి బిగించినా నిలుస్తుందని చాలామంది చెబుతారు, అది నిజమే కావచ్చు. కానీ నా తమ్ముడి కూతురు కట్టే ఎరలో తీగే ఉండాలని నా పట్టుదల.

బరువు పొట్ట కిందుగా ఉండాలి. బెజ్జం వేసేముందు కొక్కేలు, రింగులు అన్నీ తగిలించి, సన్నని సీసపు రేకును పొట్టకు చుట్టి బకెట్ నీళ్ళలో వేసి, ఎక్కడ చుడితే ఎర నిటారుగా నిలుస్తుందో చూసుకో. ఆపైన పడే రంగు, పూతల బరువుకు కొంచెం వెసులుబాటు ఉంచుకో. సీసాన్ని నువ్వు కరిగించి పొయ్యడానికి మాత్రం నేను ఒప్పుకోను. కరిగిన సీసంలో ఒక్క నీటిబొట్టు పడినా అది ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. బజారులో దొరికే టంగ్‌స్టన్ బిళ్ళలో, ఉక్కు గోళీలో చాలు.

రంగు నీ ఇష్టం. చేపకు రంగుకన్నా కదలిక ముఖ్యం. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో బెండు చెక్కి, చాక్లెట్ చుట్టే రేకు అతికించి, ఫోటో నెగెటివ్‌లు కరిగించి పూత పూసి తన మొదటి ఎర చేశాడు. గాయపడి పక్కకు ఒరిగి ఈదే చిన్న చేప మీదికే పెద్ద చేప ముందుగా దూకుతుందని ఆయన గమనించాడు, తన ఎరలో ఆ ఒరుగుడునే పట్టుకున్నాడు. నువ్వు కూడా రంగు మీద పెట్టే రాత్రుల్లో సగం నీళ్ళ తొట్టి దగ్గర గడుపు. లాగుతుంటే ఎర కుడికి పోతే దారం కట్టే ఉంగరాన్ని పటకారతో రవ్వంత ఎడమకు వంచు, ఎడమకు పోతే కుడికి. పైపూత ఎపాక్సీ ఆరేంత వరకు ఎరను నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, లేకపోతే పూత అంతా పొట్ట కిందికి జారి నువ్వు కుదుర్చుకున్న బరువు తప్పిపోతుంది.

సరస్సు మీద నిదానంగా లాగు. ఎర మునిగిన మోడుకు తగిలినప్పుడు కంగారుపడి గుంజకుండా, రీలు ఆపి దాన్ని తేలనివ్వు. చన్నీటిలో పెద్ద చేప తరచుగా ఆ ఆగిన క్షణంలోనే పట్టుకుంటుంది. రాడ్ మరీ బిరుసుగా ఉంటే మూడు ముళ్ళ కొక్కెం చేప నోటిని చీల్చి ఊడిపోతుంది, కొంచెం వంగే రాడ్ తీసుకెళ్ళు.

ఎర మోడులో చిక్కుకుంటుంది, అది తప్పదు. నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. కొన్న ఎర అయితే పోతే పోయిందని దారం తెంపేస్తావు. చేత్తో చేసిన దాన్ని వదులుకోవడానికి మనసు రాదు, అందుకని మనిషి రాడ్‌ను తిన్నగా దాని వైపు పెట్టి బలమంతా ఉపయోగించి లాగుతాడు. అది ఒక్కసారిగా ఊడి వచ్చిందంటే నేరుగా ముఖం మీదికే వస్తుంది. పడవలు దించే రేవు దగ్గర ఒక కుర్రవాడు కనురెప్పకు కొక్కెం గుచ్చుకుని, దాన్ని తాకకుండా రెండు చేతులూ గాలిలో పట్టుకుని నిలబడి ఉండగా చూశాను. ఆ చూపు నేను మరిచిపోలేదు. తల్లీ, పడవ ఎక్కింది మొదలు దిగేదాకా కళ్ళద్దాలు తీయకు, మబ్బు పట్టినా సరే. చిక్కుకుంటే పడవను మోడు దగ్గరకు తీసుకెళ్ళి పొడవాటి కర్రతో వెనక్కి నెట్టి విడిపించు, రాకపోతే వదిలెయ్యి. ఒక్కొక్క రకం మూడేసి చేసుకో, అప్పుడు వదిలెయ్యడం సులువవుతుంది. కొక్కేల ఎదురుముళ్ళను పటకారతో నొక్కేసుకో. పొరపాటున కంటి దగ్గర ఎక్కడైనా గుచ్చుకుంటే నువ్వు గానీ పక్కవారు గానీ దాన్ని లాగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండు, ఫిబ్రవరి నీళ్ళలో పడితే ఈత వచ్చినవారికి కూడా ఊపిరి అందదు. ఒంటరిగా వెళ్ళకు. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

చేప పడితే చేతులు తడిపి పట్టుకో, ఒక చెయ్యి కింది దవడకు, మరొకటి పొట్ట కింద. అంత బరువున్న చేపను దవడతో నిలువుగా వేలాడదీయకూడదు, దవడ దెబ్బతింటుంది. కొక్కెం లోతుగా దిగితే పెనుగులాడకుండా కట్టర్‌తో దాన్ని తుంచెయ్యి. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను వెంటనే నీళ్ళలోకి వదలాలి, 24 దాటినది రోజుకు ఒక్కటే ఉంచుకోవచ్చు. నువ్వు ఎలాగూ వదిలేస్తావని తెలుసు కానీ కొలిచే బల్ల తీసుకెళ్ళు. 13 పౌండ్లు దాటితే రాష్ట్రం వాళ్ళు మార్చి నెలాఖరు దాకా గుడ్ల కోసం ఆ చేపను తీసుకుంటారు, వాళ్ళ నెంబరు ముందుగానే ఫోనులో పెట్టుకో.

మీ నాన్న దగ్గర చదునైన చిన్న ఆకురాయి, సన్నని రంపం ఇంకా ఉన్నాయి, అడిగి తీసుకో. ఇస్తూ వాడు ఏదైనా చెబితే ఓపికగా విను. చీలికలో తీగ పెట్టిన తరువాత, ఎపాక్సీతో పూడ్చేముందు, మూడు ఉంగరాలూ కనిపించేలా ఫోటో తీసి నాకు పంపు. చుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసి ఆ రాత్రే ఫోను చేస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న