టికెట్లు తీయకముందే ఇంటి తేదీలు ఖాయం చేసుకోండి

మీరు మీ ఉత్తరంలో, గుంటూరు యార్డులో మిర్చి కొని ఉత్తరాది వ్యాపారులకు పంపుతుంటాననీ, మే నెలలో యార్డుకు సెలవులు ఇవ్వగానే బాకీల వసూలుకు ఇండోర్, ఢిల్లీ వెళ్లక తప్పదనీ, పిల్లల సెలవులూ అప్పుడే కావడంతో ఇంట్లో రోజూ గొడవవుతోందనీ రాశారు. ప్రయాణాలు తగ్గించుకునే వీలు లేదని కూడా చెప్పారు. కాబట్టి తగ్గించుకోమని చెప్పను. తిరిగితేనే డబ్బు చేతికొచ్చే వ్యాపారం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మాది విజయవాడ. మంగళగిరి నూలు చీరలు, డ్రెస్ మెటీరియల్ నేతగాళ్ల దగ్గర కొని బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ దుకాణాలకు వేస్తాను. నూలు బట్టకు గిరాకీ ఎండాకాలంలోనే. ఎండలు ముదిరేకొద్దీ నాకు ఫోన్లు పెరుగుతాయి. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పటి నుంచి వేసవి అంటే నాకు ఊళ్లు తిరగడమే. వాళ్లిప్పుడు హైస్కూలు దాటారు.

వ్యాపారుల ఇళ్లలో మామూలుగా జరిగేది ఒకటే. అవతలి వ్యాపారి ఎప్పుడు రమ్మంటే అప్పుడు టికెట్ తీస్తాం, మిగిలిన రోజులు ఇంటికి ఇస్తాం. మిగిలేవి ఎప్పుడో ఇంట్లో వాళ్లకు తెలియదు, మనకూ తెలియదు. నా లెక్కలో గొడవకు మూలం అక్కడే ఉంది. మనం వెళ్లడం కన్నా, రేపు ఉంటామో లేదో తెలియకపోవడం వాళ్లను ఎక్కువ బాధపెడుతుంది. అందుకే మా ఇంట్లో మార్చి మొదట్లోనే క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటాం. ముందు ఇంటి తేదీలకు గీతలు పడతాయి, ఆ తర్వాతే దుకాణాలకు ఫోన్లు. రైలు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు కదా, మే నెల ప్రయాణానికి మార్చిలో తేల్చుకుంటే సరిగ్గా సరిపోతుంది. నేను తిరుగు టికెట్ ముందు తీస్తాను. అది చేతిలో ఉంటే, ఇంకో రెండు రోజులు ఆగమనే దుకాణదారుకు చెప్పే మాట సులువవుతుంది.

మీ సంగతికొస్తే, 2025లో మన రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులు ఇచ్చారు. ఏటా ఇంచుమించు ఇవే తేదీలు. సెలవులు మొదలైన రెండు వారాలూ యార్డులో సరుకు ఉంటుంది, మీరు పగలు ఎలాగూ దొరకరు. యార్డు మూసిన మర్నాడే బయలుదేరండి. ఇండోర్, ఢిల్లీ రెండూ ఒకే విడతలో ముగించుకుని రోహిణి కార్తె ప్రవేశించేలోపు, అంటే మే 25 నాటికి ఇల్లు చేరండి. రోళ్లు పగిలే ఆ ఎండల్లో ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు మీరు దగ్గరుండడం అవసరం. ఢిల్లీ మసాలా బజారు ఖారీ బావ్లీ సందుల్లో ఆ రోజుల్లో తిరగడం మీ ఒంటికీ మంచిది కాదు. బడి తెరిచే దాకా ఉన్న ఆ రెండున్నర వారాలకు ఎవరు పిలిచినా ఊరు దాటకండి. యార్డు తెరిచినా రాత్రికి ఇంట్లోనే ఉంటారు కదా.

రెండు మూడు రోజుల చొప్పున నాలుగుసార్లు వెళ్లి రావడం మేలని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. వెళ్లేముందు రోజు సర్దుకోవడానికి, వచ్చిన రోజు నిద్రకు పోతుంది. పిల్లలు మన రాకపోకలకు అలవాటు పడేలోపే మళ్లీ పెట్టె తీస్తాం. ఒక పెద్ద విడత వెళ్లి, ఆ తర్వాత నిండుగా ఇంట్లో ఉండడమే మా ఇంటికి నప్పింది.

ఇంకో మాట. నేను ఊరెళ్తున్నానంటే బంధువులందరూ అడిగే మొదటి ప్రశ్న, పిల్లల్ని ఎవరు చూస్తారని. మిమ్మల్ని ఎవరూ అడిగి ఉండరు. కాబట్టి ఆ ప్రశ్న మీరే వేసుకోవాలి. వేసవిలో ఇంటి పని మామూలు రోజుల కన్నా బాగా పెరుగుతుంది. పిల్లలు రోజంతా ఇంట్లోనే, పూటపూటకూ ఏదో ఒకటి వండాలి, కూలర్‌కు నీళ్లు పోయాలి, కరెంటు పోతే ముసలివాళ్లు అల్లాడిపోతారు. ఏసీ సర్వీసు, ఇన్వర్టర్‌లో డిస్టిల్డ్ వాటర్, రెండో గ్యాస్ బండ, పెద్దవాళ్ల మందులు, ఇంట్లో ఓఆర్ఎస్ పొట్లాలు, ఇవన్నీ మీరు బయలుదేరకముందే మీ చేతులతో జరగాలి. రాత్రిపూట ఎవరికైనా వడదెబ్బ తగిలితే కారు తీసి ఆసుపత్రికి వచ్చే మనిషి ఎవరో మాట్లాడి పెట్టండి. మా అత్తగారు ఉండబట్టి, మావారు బ్యాంకు నుంచి వేళకు వచ్చేవారు కాబట్టి నేను ధైర్యంగా తిరగగలిగాను. ఆ ఆసరా లేనిచోట డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడం దుబారా కాదు.

ఇంట్లో ఉన్న రోజుల్లో చుట్టంలా కూర్చోకుండా ఒక పని పూర్తిగా మీ తలకెత్తుకోండి. మా ఇంట్లో ఆవకాయ నాది. కాయలు తెచ్చి, గంటసేపు నీళ్లలో వేసి, కడిగి తుడిచి, ముక్కలు కొట్టించుకొస్తాను. టెంక ఊడిన ముక్క పక్కన పెట్టడం, లోపలి జీడి తీసి పైపొర గీకడం, పాత నూలు గుడ్డతో ఒక్కో ముక్కా తడి లేకుండా తుడవడం పిల్లల పని. చిన్నప్పుడు తమ్ముడు తుడిచిన ముక్కను అక్క మళ్లీ తుడుస్తోందని పోట్లాడుకునేవారు. కలిపిన మూడో రోజు తిరగ కలిపి, ఉప్పు చూసి, నూనె పోసేటప్పుడు కూడా నేను ఉండాల్సిందే. అందుకని ఆవకాయ తేదీకి ముందూ వెనకా రోజులు కలిపి క్యాలెండర్‌లో గీత పడుతుంది. ఆ రోజుల్లో దుకాణాల నుంచి ఫోను వస్తే ఊళ్లో లేననే చెబుతాను. మిర్చి వ్యాపారి ఇంట్లో కారం బాధ్యత మీరు తీసుకుంటే మీ ఆవిడ కాదనకపోవచ్చు.

పనిలో పనిగా పిల్లల్నీ వెంట తీసుకెళ్లొచ్చా అని చివర్లో అడిగారు. మే నెల ఢిల్లీకి వద్దు. మీరు బాకీల లెక్కల్లో ఉంటారు, వాళ్లు లాడ్జి గదిలో ఫోను చూస్తూ ఉంటారు. మా అమ్మాయిని ఒక వేసవిలో కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు తీసుకెళ్లాను, అదీ తను అడిగితేనే. దుకాణంలో నా పక్కన కూర్చుని, నిజాం బార్డర్ చీర మడత విప్పి నేను ధర చెప్పడం, వాళ్లు బేరమాడడం చూసింది. అమ్మ ఊరెళ్లి ఏం చేస్తుందో తనకు అప్పుడు అర్థమైంది. మీ పెద్దవాడికి పన్నెండేళ్లన్నారు కదా, ముందు యార్డుకే ఒక ఉదయం తీసుకెళ్లండి. ఘాటు ఎక్కువ, ముక్కుకు గుడ్డ కట్టండి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు విప్పి కాయ నాణ్యత ఎలా చూస్తారో చూపించండి.

సెలవులంతా భార్యాపిల్లల్ని పుట్టింటికి పంపేస్తే ఎలా ఉంటుందన్న మీ ఆలోచన గురించి కూడా అంతే. అమ్మమ్మగారి ఊళ్లో తాటి ముంజలు తింటూ, కాలవ గట్టున ఆడుకోవడం పిల్లలకు మంచిదే. అయితే అది మీకు వీలుగా ఉంటుందని కాకుండా, ఆవిడకు వెళ్లాలనుందో లేదో, ఎన్ని రోజులు ఉండాలనుకుంటున్నారో ముందు అడగండి. ఆవిడ చెప్పిన తేదీలు కూడా ఆ క్యాలెండర్‌లో వేశాకే ఇండోర్ వాళ్లకు ఫోను చేయండి.