జెనోవా మీద రాసే అమ్మాయికి

అమ్మాయీ,

నీ చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. ఇప్పటి ఇటలీలోని జెనోవా రేవుతో సంబంధమున్న ప్రముఖులు ఇరవై ఆరుగురు, పన్నెండో శతాబ్దం నుంచి నిన్నమొన్నటి దాకా, పుట్టిన తేదీల వరుసలో. కష్టపడ్డావు, ఆ కష్టం కనిపిస్తూనే ఉంది. కానీ చదువుతుంటే శుభలేఖ చివర బంధువుల పేర్లు చదువుతున్నట్టుంది. అంతమంది ఒకే ఊరి గూట్లోకి ఎలా వచ్చారో, ఆ ఊరు వాళ్ళనేం చేసిందో ఎక్కడా తగల్లేదు.

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని ప్రతి పేరు ఎదురుగా ఒకే ఒక్క క్రియ రాయి. పుట్టాడు. ఖైదయ్యాడు. ఓడెక్కి వెళ్ళిపోయాడు. కాపురానికొచ్చింది. ఇక్కడ సమాధి చేశారు. "సంబంధం ఉంది" అనకు. అది గోనెసంచి లాంటి మాట, అందులో ఏదైనా పడుతుంది. ఇటలీ ఏకీకరణ యోధుడు గారిబాల్డిని "జెనోవా బిడ్డ" అన్నావు. అతను పుట్టింది 1807లో, నీస్‌లో. నీ వ్యాసానికి పనికొచ్చే ముడి వేరు: 1860 మే 5న, ఊరి పక్కనున్న క్వార్తో తీరం నుంచి వెయ్యిమందిని రెండు ఆవిరి ఓడల్లో ఎక్కించుకుని సిసిలీకి కదిలాడు. కాబట్టి క్రియ "బయల్దేరాడు". క్రియ దొరకని పేర్లు వాటంతటవే రాలిపోతాయి. నీ జాబితాలో తొమ్మిదో పదో పోతాయని నా లెక్క. పోనీ.

మిగిలిన ప్రతి క్రియకూ ఒక ఆధారం కావాలి: కాగితమో, వస్తువో, కట్టడమో. జెనోవా మీద రాసేవాళ్ళకు ఇందులో అదృష్టముంది. అది నోటరీల ఊరు. సరుకు కొన్నా, ఓడలో వాటా పెట్టినా, అప్పు చేసినా నోటరీ ముందు రాయించుకున్నారు. 1154 నుంచి 1164 వరకూ రాసిన ఒక నోటరీ చిట్టా ఇప్పటికీ ఉంది. అంతకంటే ముందు, 1152లోనే, కఫ్ఫారో అనే పెద్దమనిషి 1099 నుంచి తన ఊళ్ళో జరిగినవి ఏడాదివారీగా రాసి నగర పాలకులకు అప్పజెప్పాడు. నీ జాబితాలో అతను లేడు. తొలి పేరు అతనిదే కావాలి.

కొలంబస్ సంగతికొద్దాం. "సుమారు 1451లో పుట్టాడని అంటారు" అని రాశావు. ఆ "అంటారు" తీసేసి లెక్క చూపించు. 1470 అక్టోబర్ 31న ద్రాక్షసారా బాకీ గురించి రాసిన ఒక నోటరీ పత్రం ఉంది. అందులో దొమేనికో కొడుకు క్రిస్తోఫోరో, అంటే మన కొలంబస్, "పందొమ్మిదేళ్ళు దాటినవాడు". అంటే 1451 అక్టోబర్ 31కి ముందే పుట్టాడు. 1479 ఆగస్టు 25న ఇంకో పత్రం. మదైరా చక్కెర కొనుగోలు తగాదాలో సాక్ష్యం. అందులో తన వయసు ఇరవై ఏడని, మర్నాడు పొద్దున లిస్బన్ వెళ్ళిపోతున్నానని చెప్పాడు. ఇరవై ఏడు నిండి ఇరవై ఎనిమిది నిండలేదంటే 1451 ఆగస్టు చివరికి ముందు పుట్టి ఉండడు. రెండు పత్రాలూ ఒకదానిమీద ఒకటి పెడితే 1451 ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ చివరి దాకా రెండు నెలల సందు మిగులుతుంది. ఈ లెక్క ఐదు వాక్యాల్లో చెప్పొచ్చు. పాఠకుడు నీ వెంట వస్తాడు, పైగా మనిషి కూడా కనిపిస్తాడు: సారా బాకీ ఉన్న నేతగాడి కొడుకు, చక్కెర బేరంలో ఇరుక్కున్న కుర్రాడు, రేపటి ఓడకు మూట సర్దుకున్నవాడు. "మహా నావికుడు" అన్న మాటతో ఇవేవీ రావు.

అతని ఇంటి బొమ్మ కూడా పెట్టావు. పోర్తా సొప్రానా కోటద్వారం పక్కన ఇప్పుడు చూపించే ఇల్లు పద్దెనిమిదో శతాబ్దపు కట్టడం. 1684లో ఫ్రెంచి నౌకాదళం ఊరి మీద గుండ్లు కురిపించినప్పుడు పాతది పోయింది. బొమ్మ కింద "కొలంబస్ చిన్నప్పటి ఇల్లున్న చోట తర్వాత కట్టినది" అని రాయి. "పుట్టిన ఇల్లు" అనకు.

ఇక్కడే తేదీల గొడవ ఒకటి చెప్పాలి. జెనోవా నోటరీల ఏడాది డిసెంబర్ 25న మారేది. పత్రంలో 1471 డిసెంబర్ 28 అని ఉంటే మన లెక్కకు అది 1470. వెనిస్‌లో మార్చి 1న మారేది, కాబట్టి వెనిస్ పత్రంలో 1297 ఫిబ్రవరి అంటే మనకు 1298. రెండు ఊళ్ళూ తగిలే కథ రాసేటప్పుడు డిసెంబర్ ఆఖరి వారం, జనవరి, ఫిబ్రవరి తేదీలన్నిటి కిందా పెన్సిల్‌తో గీత గీసుకో.

రెండు ఊళ్ళూ తగిలే కథ మార్కో పోలోది. అతను వెనిస్‌వాడు. జెనోవాతో అతని క్రియ "ఖైదయ్యాడు". నీ చిత్తులో అతనికి రెండు వాక్యాలిచ్చావు, అవీ చైనా గురించే. తెలుగు పాఠకుడికి ఇంతకంటే దగ్గరి మనిషి నీ జాబితాలో లేడు కదా! ఆ పుస్తకం రాయించింది 1298లో, జెనోవా చెరలో. రాసిపెట్టింది పీసావాడు రుస్తికెల్లో, అతనూ ఖైదీయే. 1284లో మెలోరియా యుద్ధంలో పీసా నౌకాదళం మట్టికరిచాక జెనోవా చెరసాలలు పీసావాళ్ళతో నిండిపోయి, "పీసాను చూడాలంటే జెనోవా పోవాలి" అనే సామెత పుట్టింది. రేవున ఉన్న సాన్ జోర్జో భవనంలోనే పోలోను ఉంచారని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. అది చెప్పుకునే మాటగానే రాయి. 1260లో ఆ భవనం కట్టించింది గుల్యెల్మో బోక్కనేగ్రా. అందులోనే 1407లో మొదలైన సాన్ జోర్జో బ్యాంకు నడిచింది.

ఆ చెరలో పుట్టిన పుస్తకంలో ముత్ఫిలి అనే రాజ్యముంది. మన మోటుపల్లి. సాలెగూడంత సన్నని బట్టలు, వానలయ్యాక కొండవాగుల్లో దొరికే వజ్రాలు, భర్త పోయాక నలభై ఏళ్ళుగా న్యాయంగా ఏలుతున్న రాణి. ఇది చూడగానే మనవాళ్ళకు పూనకం వస్తుంది. "మార్కో పోలో రుద్రమదేవిని దర్శించాడు" అని రాసేస్తారు. నువ్వూ రాశావు. ఒక్కొక్కటే సరిచూడు. రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఆమె ఏలింది సుమారు 1262 నుంచి, నలభై ఏళ్ళు కాదు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతోంది. పోలో చైనా తీరం వదిలిందే 1291-92 ప్రాంతంలో. కాబట్టి విన్నది రాయించాడు, లేదా పాత సంగతిని వర్తమానంగా చెప్పాడు. "దర్శించాడు" కొట్టేసి "ఆమె పేరు చెప్పకుండానే ఆమె పాలనను మెచ్చుకున్నాడు" అని రాయి. విలువేం తగ్గదు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు జప్తు చేయడని గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. అలాంటి రేవు పేరు దూరదేశపు ఖైదీల నోట పలికిందంటే, అది చాలు.

దేశాల పేర్లు నీ చిత్తులో అన్నిటికంటే ఎక్కువ తప్పులున్న చోటు. 1861కి ముందు ఇటలీ అనే రాజ్యం లేదు. ఈ వరుస గోడకు అంటించుకో: 1797 దాకా జెనోవా గణతంత్రం. ఆపైన నెపోలియన్ నీడలో లిగూరియా గణతంత్రం. 1805 జూన్ నుంచి ఫ్రాన్స్‌లో భాగం. 1815 నుంచి సార్డీనియా రాజ్యం. 1861 నుంచి ఇటలీ. ఇప్పుడు మాట్సీనిని చూడు. 1805 జూన్ 22న పుట్టాడు, అంటే ఇటలీ ఏకీకరణ ప్రవక్త పుట్టింది ఫ్రెంచి సామ్రాజ్యంలో. 1872లో పీసాలో, ఇంగ్లీషు మారుపేరుతో ఉంటూ పోయాడు. సమాధి జెనోవాలోని స్తల్యేనో శ్మశానంలో. ఈ మూడు ముక్కలు చాలు, ఉద్యమ చరిత్రంతా ఎత్తుకోనక్కర్లేదు.

వయొలిన్ విద్వాంసుడు పగనీనిని "ఫ్రాన్స్‌లో మరణించాడు" అన్నావు. 1840 మే 27న అతను పోయిన నీస్ అప్పుడు సార్డీనియా రాజ్యానిదే, జెనోవా కూడా దానిదే. ఫ్రాన్స్ చేతికి నీస్ వెళ్ళింది 1860లో. పోయేముందు మతకర్మలకు ఒప్పుకోలేదని అక్కడి బిషప్ ఖననానికి అనుమతివ్వలేదు. శవపేటిక చోటునుంచి చోటుకు తిరిగి తిరిగి 1876లో పార్మాలో స్థిరపడింది. ముప్ఫై ఆరేళ్ళు! మరి జెనోవాకు మిగిలిందేమిటి? ఒక వయొలిన్. 1743లో క్రెమోనాలో గ్వార్నేరి దెల్ జెజూ చేసినది. దాని మోతకు "ఫిరంగి" అని పేరు. వీలునామాలో సొంత ఊరికి రాసిచ్చాడు. ఇప్పటికీ తుర్సి భవనంలో అద్దాల వెనక ఉంది. గడ్డం ఆనే చోట వార్నిష్ అరిగిపోయి ఉంటుంది. గడ్డానికి ఊతం పెట్టుకునే అలవాటు అతనికి లేదు. పగనీని పేరాను పుట్టుకతో మొదలుపెట్టకు, ఆ అరుగుడు దగ్గర మొదలుపెట్టు. దయ్యానికి ఆత్మ అమ్మాడన్న పుకారు ఒక్క వాక్యం దాటనివ్వకు, అది అందరూ రాసేదే.

ఇరవై ఆరుగురిలో ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. ఊళ్ళో లేక కాదు, నువ్వు వెతికిన జాబితాలు అడ్మిరల్స్‌వి. కాతెరీనా ఫియెస్కి అదోర్నో 1447లో పుట్టి 1510లో పోయింది, కొలంబస్‌కు నాలుగేళ్ళు పెద్ద. పెద్దింటి పిల్ల పమ్మతోనె ఆసుపత్రిలో రోగుల సేవకు చేరి, చివరికి దాన్ని నడిపించే స్థాయికొచ్చింది. 1493 ప్లేగులోనూ ఊరు వదల్లేదు. 1737లో చర్చి సెయింటుగా ప్రకటించింది. ఇంకొకామె చిత్రకారిణి సొఫొనీస్బా అంగ్విస్సోలా. క్రెమోనాలో పుట్టి, స్పెయిన్ ఆస్థానంలో పనిచేసి, విధవరాలై సిసిలీ నుంచి తిరిగొస్తూ ఓడ కప్తాను ఒరాట్సియో లొమెల్లీనోను పెళ్ళాడింది. 1580 ప్రాంతం నుంచి 1615 దాకా జెనోవాలో ఉంది. రేవు మనిషిని కలపడమంటే ఇదీ.

అడ్మిరల్ ఆంద్రేయా దోరియాకు ఒక పేరా చాలు, కానీ దోరియాలను కలిపేయకు. 1298లో వెనిస్‌ను ఓడించినవాడు లాంబా దోరియా. 1528లో ఫ్రాన్స్‌ను వదిలి చక్రవర్తి ఐదో చార్ల్స్ వైపు తిరిగి గణతంత్రాన్ని మళ్ళీ నిలబెట్టినవాడు ఆంద్రేయా. ఒనేల్యాలో 1466 నవంబర్ 30న పుట్టి, 1560 నవంబర్ 25న, తొంభై నాలుగుకు ఐదు రోజులుండగా పోయాడు. 1956లో అమెరికా తీరాన మునిగింది అతని పేరు పెట్టిన ప్రయాణికుల ఓడ. నీ చిత్తులో లాంబా విజయం ఆంద్రేయా ఖాతాలో పడింది.

మమేలి గురించి బాగానే రాశావు. ఒకటి కలుపు: ఇటలీ జాతీయగీతం మాటలు రాసిన గొఫ్రెదో మమేలీ, బాణీ కట్టిన మికేలె నొవారో ఇద్దరూ జెనోవావాళ్ళే. మమేలి 1849లో రోమ్ రక్షణలో కాలికి గాయమై, అది చీము పట్టి, ఇరవై ఒక్క ఏళ్ళకే పోయాడు. చట్టప్రకారం ఆ పాట జాతీయగీతమైంది 2017లో. కవి మొంతాలె (1896లో పుట్టుక, 1975లో నోబెల్), వాస్తుశిల్పి రెంట్సో పియానో చెరో మూడు వాక్యాలతో సరిపోతారు. పియానో పేరాలో, జెనోవాలో 2018 ఆగస్టు 14న కూలి 43 మందిని బలిగొన్న వంతెన స్థానంలో 2020లో అతని నమూనాతో లేచిన కొత్త వంతెన చెప్పు. మిగతా దేశాల్లో అతను కట్టినవి వద్దు.

పేర్లు ఇంగ్లీషు అక్షరాలు చూసి రాయకు. ఇటాలియన్‌లో "జెడ్" రెండుంటే చాలాసార్లు "ట్స్": పియాట్సా, మాట్సీని. "జి-ఎన్" కలిస్తే "న్య": నువ్వు "బ్రిగ్నోల్" అన్నది బ్రిన్యోలె. "జి-ఎల్-ఐ" కలిస్తే "ల్య". "సి-హెచ్" అంటే "క", మికేలె లాగా. పాత తెలుగు పుస్తకాల్లో స్థిరపడ్డ "మాజినీ" ఒకసారి చెప్పి, తర్వాత నీ రూపమే వాడు. కొలంబస్‌ను మాత్రం కొలొంబో చేయొద్దు. నువ్వు శ్రీలంక రేవు గురించి రాస్తున్నావనుకుంటారు.

పొడుగు సంగతి. పదిహేను వందల మాటల్లో మనుషులు పదిమంది మించకూడదు. ముగ్గురికి రెండేసి వందల మాటలు, మిగతావాళ్ళకు యాభై నుంచి ఎనభై, మిగిలింది ఊరికి. అందరికీ సమానంగా పంచితే మళ్ళీ శుభలేఖే అవుతుంది.

ఆ ముగ్గురిలో ఒకడు నీ జాబితాలో లేనివాడు: ఇయెరోనిమో ది సాంతో స్తేఫనో, జెనోవా వర్తకుడు. ఇయెరోనిమో అదోర్నో అనే ఇంకో జెనోవావాడితో కలిసి కాలికట్, సింహళం, కోరమాండల్ మీదుగా బర్మాలోని పెగూ దాకా వెళ్ళాడు. అదోర్నో 1496లో పెగూలో చనిపోయాడు. తిరుగుదారిలో ఓడ మునిగి, సరుకు పోయి, ఒంటరిగా మిగిలి, 1499 సెప్టెంబర్ 1న ట్రిపోలీ నుంచి ఒక ఉత్తరం రాశాడు. వాస్కోడగామా లిస్బన్ చేరిన ఏడాదే అది, కానీ ఇతని వెనక రాజూ లేడు, నౌకాదళమూ లేదు. కోరమాండల్ గురించి అతను చెప్పిన మాట ఒకటుంది: అక్కడ ఎర్రచందనం చెట్లు ఎంత విస్తారమంటే, దానితో ఇళ్ళు కట్టుకుంటారట. ఆ చెట్టు సహజంగా పెరిగేది మన కడప, చిత్తూరు వైపు కొండల్లో. అది రాయి. అతను దిగిన రేవు ఫలానా తెలుగు ఊరని మాత్రం తేల్చేయకు, ఉత్తరంలో ఉన్నది కోరమాండల్ అన్న ఒక్క మాటే. ఇళ్ళ సంగతి కూడా "అతను రాశాడు" అనే రాయి. తిరగరాసిన ప్రతిలో ముందు ఇతని పేరానే పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు