ఆ ఫ్రైడ్ రైస్ ఫిల్లర్ కాదమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం మొన్న రాత్రి చదివాను, నిన్న పొద్దున్న మళ్ళీ చదివాను. టొరాడొరా అనే జపాను బొమ్మల సీరియల్ మీద 'టొరాడొరా: బలాలు, లోపాలు' అని పేరు పెట్టి, బలాలు ఆరు, లోపాలు ఐదు వరసగా రాసి, చివర పదికి ఎనిమిదిన్నర మార్కులు వేశావు. భాష శుభ్రంగా ఉంది, సంతోషం. కానీ లోపాల్లో మూడోది దగ్గరకొచ్చేసరికి కాగితాలు పక్కన పెట్టేశాను. 'వంటింటి సీన్లు ఫిల్లర్, తీసేస్తే కథ స్పీడ్ అందుకునేది' అన్నావు. ఫిల్లర్ అంటే కథకి అక్కర్లేకుండా ఊరికే చోటు నింపేదని కదా. ఈ ఉత్తరం ఆ ఒక్క మాటకోసం రాస్తున్నాను.

ఆ సీరియల్ నేనూ చూశాను. మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఇరవై ఐదు ఎపిసోడ్లూ చూపించింది. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

మొదటి ఎపిసోడ్ గుర్తు తెచ్చుకో. కథానాయకుడు ర్యూజి, హైస్కూలు పిల్లాడు. వాళ్ళది చిన్న అద్దె ఇల్లు. తల్లి యసుకో రాత్రంతా బార్లో పనిచేసి తెల్లారి ఇల్లు చేరుతుంది. చిన్న వయసులోనే వాణ్ణి కన్నది, తండ్రి లేడు. తండ్రి పోలిక కళ్ళు మాత్రం వచ్చాయి, ఆ కళ్ళు చూసి స్కూల్లో అందరూ రౌడీ అనుకుని తప్పుకుంటారు. ఇంట్లో వాడు చేసేది వంట, గిన్నెలు, బూజు, నేల తుడవడం. పక్కనే పెద్ద అపార్ట్‌మెంట్ లేచి ఇంట్లోకి ఎండ రాకుండా పోయింది. ఆ అపార్ట్‌మెంట్‌లోనే వాడి క్లాసు పిల్ల టైగా ఒంటరిగా ఉంటుంది. డబ్బుంది, ఇంట్లో మనుషుల్లేరు. ఈ కిటికీకి ఎదురుగా ఆ కిటికీ.

ర్యూజి స్నేహితుడు కితమురాకి టైగా ఇవ్వాల్సిన ప్రేమలేఖ పొరపాటున ర్యూజి సంచిలో పడుతుంది. దాన్ని ఎలాగైనా వెనక్కి తీసుకోవాలని ఆ పిల్ల అర్ధరాత్రి చెక్క కత్తి పట్టుకుని వాళ్ళింట్లో దూరుతుంది. తీరా చూస్తే కవరులో ఉత్తరమే లేదు, పెట్టడం మర్చిపోయింది. ఆకలితో కళ్ళు తిరిగి పడిపోతుంది. అప్పుడు వాడు ఏం చేశాడు? పోలీసుల్ని పిలవలేదు. స్టవ్ వెలిగించి ఫ్రైడ్ రైస్ చేశాడు.

నువ్వు తీసెయ్యమన్నది దీన్ని! ఆ పళ్ళెం తీసేస్తే మిగిలేది ఏమిటి? ఒక పిల్ల, ఒక పిల్లాడు, ఒక పొరపాటు. అలాంటివి కొల్లలు. ఆ రాత్రి నుంచి టైగా రోజూ వాళ్ళింట్లో తింటుంది, పొద్దున్నే వాడు వెళ్ళి నిద్ర లేపుతాడు, ఇద్దరి టిఫిన్ డబ్బాలూ వాడే కడతాడు. వాడికి టైగా స్నేహితురాలు మినోరి మీద మనసు, ఈమెకి కితమురా మీద. ఒకరి ప్రేమకి ఒకరు సాయం చేసుకుందాం అనుకున్న ఇద్దరూ ఒకే కుండ అన్నం తింటూ తింటూ ఇంటి మనుషులైపోయారు. ఇరవై ఐదు ఎపిసోడ్ల కథా నాకు ఆ గరిటె చప్పుడులోనే వినిపించింది.

నేను నమ్మింది ఒక్కటే, నలభై ఏళ్ళుగా అదే చెప్తున్నాను. ప్రేమకథలో మనసు గురించి రాయకు, చేతుల గురించి రాయి. 'అతని గుండె ఝల్లుమంది' అని రాస్తే అది ఎవరి గుండె అయినా కావచ్చు. ఆ చెయ్యి ఏం పట్టుకుంది, ఏది వదిలేసింది, ఏం తుడుస్తోంది, అది రాస్తే ఆ మనిషి ఆ మనిషే అవుతాడు. పద్దెనిమిదో ఎపిసోడ్లో క్రిస్మస్ చెట్టు మీది గాజు నక్షత్రం మినోరి కొట్టిన బంతి తగిలి పగిలిపోతుంది. అది టైగా తెచ్చిన నక్షత్రం. నా తప్పు నేనే సరిచేస్తానని మినోరి ముక్కలు ఏరుతుంది. ర్యూజి పక్కన చేరి అతికిస్తాడు. అక్కడ ప్రేమ అన్న మాట ఎవరూ ఎత్తరు, ఎత్తాల్సిన పనీ లేదు. పగిలిన నక్షత్రాన్ని నువ్వు ఒక్క వాక్యంలోనైనా తలుచుకోలేదు, 'మ్యూజిక్ బాగుంది' అని మాత్రం రెండుసార్లు రాశావు.

నాకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. నా మొదటి కథలో ఒక కొత్త కోడలు రోట్లో అల్లం నూరుతూ ఉంటుంది. బయట వసారాలో మగవాళ్ళు ఆమె కట్నం బాకీ గురించి మాట్లాడుకుంటారు. నూరుతున్న చెయ్యి ఆగుతుంది, అత్తగారు చూస్తుంది, చెయ్యి మళ్ళీ మొదలవుతుంది. పదకొండు వాక్యాలు. చంటిపిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని మూడు నెలలు రాశాను ఆ కథని. తిరుగు స్టాంపులు జతచేసి ఒక వారపత్రికకి పంపాను. అచ్చయింది. పుస్తకం తెరిచి చూస్తే ఆ పదకొండు వాక్యాలూ లేవు. 'కథ నడవడం లేదు, అందుకని తగ్గించాం' అని ఎడిటరుగారు కార్డు ముక్క రాశారు. కోడలు ఎందుకు ఏడ్చిందో చదివినవాళ్ళకి తెలియలేదు. ఆ పేజీ మార్జిన్లో ఆ పదకొండు వాక్యాలూ పెన్నుతో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అప్పుడు 'నడవడం లేదు' అన్నారు, ఇప్పుడు మీరు 'ల్యాగ్' అంటున్నారు. మాట మారింది, కత్తెర అదే.

ఇక లోపాలు. నువ్వు రాసిన ఐదింట్లో ఒక్కటీ అసలు లోపం కాదు. అసలు లోపాన్ని తీసుకెళ్ళి బలాల్లో వేశావు. టైగా ర్యూజిని కొట్టడం 'క్యూట్ సుండెరే కామెడీ' అన్నావు. సుండెరే అంటే పైకి కసురుతూ లోపల ప్రేమ దాచుకునే పిల్ల అట. నాకు అక్కడ నవ్వు రాలేదమ్మా. మొదటి రాత్రి చెక్క కత్తికి కారణం ఉంది: సిగ్గు, భయం, ఆకలి. విద్యార్థి సంఘం అధ్యక్షురాలి మీదికి అదే కత్తితో వెళ్ళినప్పుడూ కారణం ఉంది. ఆ అధ్యక్షురాలి మీద మనసుపడిన కితమురా ఏడుపు చూసి తట్టుకోలేక వెళ్ళింది. ఆ గొడవ చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. కానీ మధ్యలో ఎన్నిసార్లు ఊరికే తన్నింది, ఊరికే గుద్దింది! కొట్టించుకునేవాడు మగపిల్లాడు కాబట్టి నవ్వాలన్న ఆనవాయితీ ఒకటి ఆ రకం సీరియళ్ళలో ఉంది. అక్కడ ఆ చెయ్యి టైగాది కాదు, ఆనవాయితీది. ఈత కొలను ఎపిసోడ్లలో ఆ పిల్ల ఒంటి మీద వేసిన జోకులూ అంతే.

రెండోది, చివర తొందర. తకేమియా యుయుకో రాసిన నవలలు పది. పదోది 2009 మార్చిలో వచ్చింది, 2008 అక్టోబరులో మొదలైన సీరియల్ కూడా అదే నెలలో ముగిసింది. దర్శకుడు నగాయ్ తత్సుయుకి, స్క్రిప్టు అల్లిన ఒకాదా మారి అంతవరకూ ఎంత ఓపికగా నడిపారో, ఆఖరి ఎపిసోడ్లలో అంత ఉరుకులు పెట్టించారు. పారిపోవడం, తాతగారిల్లు, టైగా తల్లి, విడిపోవడం, మళ్ళీ కలవడం, అన్నీ మీద మీద పడతాయి. చేతులు ఆగిపోయి అందరూ మాటల్లో చెప్పేస్తారు. యసుకో ఏళ్ళ తరవాత కన్నవాళ్ళ గడప తొక్కింది. అక్కడ ఇంకో పది నిమిషాలు ఉండనివ్వాల్సింది.

అమి సంగతి నువ్వు అసలు ఎత్తలేదు. మోడలింగ్ చేసే పిల్ల, ముందు వేషాలమారిలా కనిపిస్తుంది. వీళ్ళు ఆడుతున్నది అమ్మానాన్నల ఆట, గుజ్జనగూళ్ళు అని అందరికంటే ముందు కనిపెట్టింది ఆ పిల్లే. తన మనసు మాత్రం ఎవరూ కనిపెట్టలేదు, రాసినవాళ్ళు కూడా ఆమెను సగంలో వదిలేశారు. దాని గురించి నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

జపాను మాటలకి కింద అక్షరాలు వేసిన సబ్ చూడాలా, మాటలే మార్చిన డబ్ చూడాలా, వ్యాసం ఎక్కడికి పంపాలి, డబ్బులు ఎంతిస్తారు అని అడిగావు. అవి తరవాత. ఇంగ్లీషులో రాస్తే ఎక్కువమంది చదువుతారేమో అన్నావు. అన్నం గురించి నువ్వు ఏ భాషలో ఆలోచిస్తావో ఆ భాషలో రాయి.

మా పక్క స్థలంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచి ఆరేళ్ళయింది. అప్పట్నుంచి మా వంటింటి కిటికీలో ఎండ లేదు. వడియాలు పెట్టాలంటే పళ్ళెం పట్టుకుని మేడెక్కాలి, గోడ మూల బూజు ఎంత తుడిచినా మళ్ళీ వస్తుంది. ర్యూజి గుడ్డ పట్టుకుని ఆ మూల రుద్దుతుంటే నేను టీవీ దగ్గరికి జరిగి చూశాను. ఎవరి ఇల్లు తన ఎండని మింగిందో ఆ ఇంటి పిల్లకే వాడు అన్నం పెట్టాడు.

మార్కులు కొట్టేసి, ఆ రెండు కిటికీల మధ్య జరిగినదాన్ని మూడు పేజీలు రాసి పంపు. మొదటి ఎపిసోడ్ ఇంకోసారి చూశాకే రాయి, ఫ్రైడ్ రైస్ చేసేటప్పుడు సౌండ్ తగ్గించకు. మేడమ్ అని రాయొద్దు, పిన్నీ అను.

ప్రేమతో,
పిన్ని